మూడంటే ఎరుపు, పదంటే పచ్చ

నేను తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకు పాఠాలు అర్థం కాలేదు. రెండోసారి పాఠాలు చెప్పేవాళ్ళకు నేను అర్థం కాలేదు. మూడోసారీ చదువుతానని ముచ్చటపడ్డాను గానీ, మా హెడ్మాస్టరు రెండు చేతులూ జోడించి, "చాలప్పా, ఆ బెంచీ మీదన్నా దయ చూపించు" అన్నాడు. ఈ చదువుతో నేను బెంగుళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఐదేళ్ళు ఉద్యోగం చేశాను. ఆ కంపెనీ తర్వాత మూతపడింది. అందుకు నేను కారణం కాదని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. ఎవరూ నమ్మరు.

ఈ మధ్య యలహంకలో నా జెరాక్సు అంగడిలో ఎవరిదో ఆధార్ కార్డు అద్దం మీద బోర్లించి మూత వేస్తుండగా ఫోనొచ్చింది. ఆ కంపెనీలో నా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన పోయాడట. మూత వేసి బటన్ నొక్కడం మరిచిపోయి నిలబడ్డాను. "ఏమి సార్, మిషన్ చెడిపోయిందా?" అని అడిగాడు కాగితం తెచ్చినాయన. మిషన్ బాగానే ఉంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకు నచ్చదు. రాయకపోయినా నచ్చేది కాదు. అసలు నేనేం చేసినా ఆయనకు నచ్చేది కాదు, కాబట్టి నాకు సులువైంది చేస్తున్నాను.

మా కంపెనీ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక ఇంటి మేడమీద ఉండేది. కింద ఓనరు కుటుంబం, పైన మేము పదకొండుమంది. ఆ ఇంటి దేవుడి గదిలో సర్వరు పెట్టారు. రోజూ పొద్దున దానికి మేమందరం మనసులో దండం పెట్టుకునేవాళ్ళం, కరెంటు పోకూడదని. నాకు అప్పజెప్పినది ప్రింటింగ్ డిపార్ట్‌మెంటు. డిపార్ట్‌మెంటంటే నేనూ, ఒక కలర్ ప్రింటరూ. మా ఇద్దరిలో దానికే ఎక్కువ ఇంగ్లీషు వచ్చు.

నా పక్కన ఆయన. వయసు నలభై ఎనిమిది. బెంగుళూరు సాఫ్ట్‌వేర్‌లో ముప్పై దాటినవాణ్ణే పెద్దాయనా అంటారు, నలభై ఎనిమిదంటే పురావస్తు శాఖవాళ్ళు రావాలి. బెంగుళూరు పాత పేటలో చీరలు నేసే ఇంట పుట్టినవాడు. సంవత్సరం పొడుగునా తెల్లచొక్కా, బూడిదరంగు ప్యాంటు. నేను చిలకపచ్చ, కనకాంబరం, వంకాయ రంగు చొక్కాల్లో తిరిగేవాణ్ణి. కొత్తగా ఉద్యోగానికి వచ్చిన కుర్రాళ్ళు నన్ను చూసి లేచి నిలబడి గుడ్మార్నింగ్ చెప్పి, ఆయన్ను మంచినీళ్ళు అడిగేవాళ్ళు. ఆయన తెచ్చి ఇచ్చేవాడు కూడా. నేను కూర్చోమని చెయ్యూపేవాణ్ణి.

ఇక్కడే మీకు ఒక సంగతి చెప్పేస్తాను. ఇది నాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది. మీరు అంత కాలం ఆగనవసరం లేదు. ఆయనకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. పుట్టుకతోనే. రెండూ ఆయనకు ఎండుటాకు మాదిరే కనపడేవి. ఆయన చేసే ఉద్యోగం ఏమిటంటే, ఎక్సెల్ షీట్లలో మాటలకు ఎరుపూ పచ్చా రంగులు వేసే ప్రోగ్రాం రాయడం. ఈ మాట బయటపడితే మరునాడు ఆ కుర్చీలో ఇంకొకడుంటాడు. ఆ వయసులో ఆయనకు ఇంకో కుర్చీ ఎవరూ వెయ్యరు. ఇది ఆయనకు తెలుసు, వాళ్ళావిడకు తెలుసు. పక్కనే కూర్చుని ప్రపంచంలో అందరి లోపాలూ కనిపెట్టే నాకు మాత్రం తెలియదు.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి. అత్తిబెలెలో ఒక ఫ్యాక్టరీ ఉండేది. రేకులు వంచే ప్రెస్సులు నలభై రెండు, చేతులు లోపల పడకుండా ఒక్కోదానికీ ఒక గార్డు, దానికో గొళ్ళెం. రోజూ పొద్దున ఒక ఇన్‌స్పెక్టరు ఒక్కో ప్రెస్సునూ చూసి ఇంగ్లీషులో ఒక్కో వాక్యం రాసి పంపేవాడు: గార్డు బిగువుగా ఉంది, గొళ్ళెం సరిగ్గా పడుతోంది, నడపవచ్చు; లేదా గొళ్ళెం వదులుగా ఉంది, బాగుచేసేదాకా నడపకూడదు. ఒక్కో వాక్యం ఒక్కో గడిలో. వాక్యమంతా నల్లగానే ఉండాలి, చివర 'నడపవచ్చు' అన్న మాటలు మాత్రం పచ్చగా, 'నడపకూడదు' అన్నవి ఎర్రగా రావాలి. ఎందుకంటే అక్కడ పనిచేసేవాళ్ళు నాలుగు రాష్ట్రాలవాళ్ళు. ఆ ఇంగ్లీషు నాకెంత వచ్చో వాళ్ళకూ అంతే. అందరూ రంగు చూసి మెషీన్ మీద చెయ్యి వేసేవాళ్ళు.

గడి మొత్తానికి రంగు వెయ్యడం ఎవడికైనా వస్తుంది. గడి లోపల వాక్యంలో కొన్ని మాటలకే వెయ్యాలంటే, ఫలానా అక్షరం దగ్గర మొదలుపెట్టు, ఇన్ని అక్షరాల దాకా పో అని ప్రోగ్రాముకు చెప్పాలి. ఖాళీలు కూడా అక్షరాలే. అందుకని ఆయనకు అక్షరాలు లెక్కపెట్టే జబ్బు పట్టుకుంది. బొటనవేలితో వేళ్ళ కణుపులు తడుముతూ ఎదుటివాడి మాట లెక్కపెట్టేవాడు. 'నడపకూడదు' అన్న ఇంగ్లీషు ముక్క పద్దెనిమిది, 'నడపవచ్చు' అన్నది పదిహేను. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడని వాళ్ళావిడ తర్వాత నాతో అంది. లేపి అడగవలసిన అవసరం ఆవిడకు ఎందుకొచ్చిందో నేను అడగలేదు.

బోల్డ్ అక్షరాన్ని ఆయన దప్పం అనేవాడు. కన్నడంలో దప్ప అంటే లావు. మాకు పాత పేట తెలుగువాళ్ళకు తెలుగెక్కడ ముగుస్తుందో, కన్నడమెక్కడ మొదలవుతుందో పోలీసులను పెట్టి వెతికించినా దొరకదు. ఒకసారి నేను ఆయన్ని, "అన్నా, నీ పెండ్లిపత్రికలో వదిన పేరు కూడా దప్పంగా వేయించినావా?" అని అడిగాను. ఆఫీసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. కణుపులు తడిమాడు.

"ఖాళీలు కలిపి ముప్పై ఒగటప్పా. ఒగ అక్షరం కూడా దప్పం చేసేదానికి లాయకీ లేదు."

అప్పుడు ఆఫీసు ఇంకా ఎక్కువ నవ్వింది. నాకు అది అంతగా నచ్చలేదు.

రంగులకు ప్రోగ్రాంలో నంబర్లుంటాయి. ఎరుపు మూడు, పచ్చ పది. ఆయనకు రంగులంటే అవే. ఎవరన్నా టొమాటో ఎర్రగా ఉందంటే ఆయనకు మూడు అనిపించేదేమో. ఆ నంబర్ల పుణ్యాన షీట్లు రోజూ తప్పులేకుండా పోయేవి. నంబర్లు లేని చోట ఆయన ఎలా నెట్టుకొచ్చాడంటే, దానికి మన భాషే సాయం చేసింది.

మా మేనేజరు గుంటూరు వైపు మనిషి. పదేళ్ళు బెంగుళూరులో ఉండి నేర్చుకున్న కన్నడం రెండు ముక్కలు: 'కన్నడ గొత్తిల్ల', అంటే కన్నడం రాదని. మేనేజరు పచ్చ అంటే పసుపు. మేము పచ్చ అంటే ఆకుపచ్చ. ఈ ఒక్క మాట అడ్డం పెట్టుకుని నా పక్క కుర్చీ పెద్దాయన మూడేళ్ళు కాపురం చేశాడు. మేనేజరు వచ్చి, "ఏవండీ, హెడ్డింగ్ పచ్చగా చెయ్యమన్నానా, ఏం చేశారిది?" అని అడిగేవాడు.

"పచ్చే గదా సార్ చేస్తిని."

"ఇది పచ్చేంటండీ బాబూ, గ్రీనిది!"

"మా పక్క దీన్నే పచ్చంటాము సార్."

"ఆకుపచ్చ అనాలి దాన్ని. పచ్చంటే యెల్లో."

"యెల్లోని మేము హళది అంటాము సార్."

"హళదేంటి?"

ఇంక అక్కడినుంచి గొడవ రంగు వదిలేసి భాష మీదికి పోయేది. చిత్తూరు నుంచి వచ్చిన టెస్టరు ఒక పక్క చేరేవాడు, విజయవాడ అమ్మాయి ఇంకో పక్క చేరేది. పసుపుకొమ్ము నుంచి పచ్చిమిరపకాయ దాకా అన్నీ సాక్ష్యానికి వచ్చేవి. టీ వచ్చేసరికి హెడ్డింగ్ ఏ రంగులో ఉందో ఎవరికీ గుర్తుండేది కాదు. నేను రెండు పక్షాలకూ మార్చి మార్చి పుల్ల వేసేవాణ్ణి. ఈ గొడవలో మాట్లాడని మనిషి ఒక్కడే, దాన్ని మొదలుపెట్టినాయన. నెమ్మదిగా యాలక్కాయ గింజ నోట్లో వేసుకుని, ఊపిరి పీల్చుకుని తన పని తాను చేసుకునేవాడు. మా ఊళ్ళ మధ్య ఇంత వైరం ఉండడం ఒక మనిషికి అన్నం పెడుతోందని మాకెవ్వరికీ తెలియదు.

ఒక పాడుపని నేనూ చేశాను. ఆయన జేబులో రెండు పెన్నులుండేవి. ఒకటి నలుపు, ఒకటి ఎరుపు; సన్నటి గీతలో ఎరుపు కూడా ఆయనకు నలుపులాగే కనపడేదట. ఎర్ర పెన్నుకు తెల్ల టేపు ముక్క చుట్టి ఉండేది. "పెన్నుకు మొలతాడు కట్టినావా అన్నా?" అని ఏడిపించేవాణ్ణి. ఒకరోజు ఆయన భోజనానికి లేచినప్పుడు ఆ టేపు విప్పి నల్ల పెన్నుకు చుట్టాను. మా ఆఫీసు హాజరు పుస్తకంలో ఎర్ర సిరా అంటే రాలేదని అర్థం. ఆయన నాలుగు రోజులు వరసగా ఎర్ర సిరాతో సంతకం పెట్టాడు. ఐదో రోజు మేనేజరు పుస్తకం ఎత్తి చూపించి, "ఏవండీ, మీరు వచ్చి మరీ రాలేదని రాసుకుంటున్నారా?" అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ఆయన పుస్తకం వైపు చూశాడు, పెన్నుల వైపు చూశాడు. "నల్ల ఇంకు అయిపాయ సార్, దొరికినది పట్టుకొంటి" అన్నాడు. మరునాటికి టేపు లేదు. ఎర్ర పెన్ను మూతకు బ్లేడుతో గాటు పెట్టి ఉంది.

ఆ గాటు చూసినప్పుడైనా నాలాంటి తెలివైనవాడు ఆలోచించాల్సింది. నేను దాని మీద ఇంకో జోకు వేశాను. అది ఇప్పుడు గుర్తులేదు. అదొక్కటే నా అదృష్టం.

ఇలా ఉండగా మేనేజరుకు తొందర ఎక్కువైంది. అప్పటిదాకా పెద్దాయన ప్రోగ్రాం ఎక్సెల్‌ను తెరిచి, దాని లోపల కూర్చుని రంగులు వేసేది. తెర మీద షీటు మెరుస్తూ ఆరుతూ అరగంట పట్టేది. ఇలా కాదు, ఎక్సెల్ తెరవకుండానే ఫైలును నేరుగా రాసేసే ప్రోగ్రాం కావాలన్నాడు మేనేజరు. పెద్దాయన నెట్‌లో ఉచితంగా దొరికే సరంజామా ఏదో తెచ్చుకుని ఆరు వారాలు రాశాడు. పాతదానిలో అక్షరాల లెక్క ఒకటి నుంచి మొదలు, కొత్తదానిలో సున్నా నుంచి. ఈ ఒక్క తేడాకు ఆయన పడిన యాతన చూడాలి. రంగు ఒక అక్షరం ముందు మొదలైనా, ఒక అక్షరం తర్వాత ఆగినా ఊరుకునేవాడు కాదు. నలభై రెండు గడులూ కణుపుల మీద లెక్కపెట్టి చూసుకున్నాడు.

"సున్నా నుంచి లెక్కపెట్టేదేమన్నా? మొదటిది సున్నా అయితే మన ఆఫీసులో మొదటివాడు ఎవరు?" అని నేనడిగాను.

"నువ్వేప్పా," అన్నాడు తల ఎత్తకుండా.

అక్షరాల్లో ఒక్క తప్పు పోలేదు. రంగుల నంబర్లు మాత్రం ఆయన మళ్ళీ చూడలేదు. అవి ఆయన రక్తంలో ఉన్నవి. పాతదానిలో నుంచి తీసి కొత్తదానిలో పెట్టాడు. కొత్తదానిలో నంబర్లు వేరు. అందులో పది అంటే ఎరుపు. మూడంటే పచ్చ. కావాలని ఎవడో కక్షకట్టి రాసినట్టు సరిగ్గా తిరగబడ్డాయి. చూపున్నవాడెవడైనా ఫైలు తెరవగానే గుర్తుపట్టేవాడు. ఆయన తెరిచాడు, చూశాడు, అక్షరాలు లెక్కపెట్టుకున్నాడు, సంతోషంగా పంపించాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఫైలు అత్తిబెలెకు మెయిల్లో పోయింది. అక్కడ రెండో షిఫ్టు రెండు గంటలకు. నేను భోజనం చేసి వచ్చి, మా ఆఫీసు కాపీ కోసం షీటు ప్రింటు కొట్టాను. కాగితం బయటికి వస్తుంటే సున్నం పడ్డ తాంబూలంలా ఎర్రగా ఉంది. నలభై గడులు ఎరుపు, రెండే పచ్చ. ఇంత మంచి అవకాశం నేను వదులుతానా? కాగితం రెండు చేతులతో పట్టుకుని పెళ్ళివాళ్ళ తట్టలాగా ఆయన ముందుకు మోసుకుపోయాను.

"ఏమన్నా, ఈ దినం ఫ్యాక్టరీకి బీగం వేసేసినావా? అంతా ఎరుపే ఉండాదే!"

ఆయన కాగితం చూశాడు. ప్రశాంతంగా, నమ్మకంగా చూశాడు.

"ఏడప్పా ఎరుపు? అంతా పచ్చగా ఉండాది గదా. ఏడు, ముప్పై నాలుగు, ఆ రెండే ఎరుపు."

నేను నవ్వడానికి నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి తెరిచిన నోరు అలాగే ఉంచాను. ఆయన ఒకసారి కాగితాన్ని, ఒకసారి నన్ను చూశాడు. నా కళ్ళలో చూసి తన తప్పు చదువుకున్నాడు. మూడేళ్ళలో ఆయన నా దగ్గర ఒక రంగు గురించి అడగడం అదే మొదలు.

"నిజం చెప్పప్పా. ఏడో నంబరు ఏమి రంగు?"

"పచ్చ, అన్నా. మన పచ్చ."

ఆయన ఫోనందుకున్నాడు. గడియారంలో రెండుకు పది నిమిషాలు. అవతల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు, కన్నడాయన. అక్కడ ఏం జరిగిందంటే, వాళ్ళు మా షీటు మీద గౌరవంతో బాగున్న నలభై ప్రెస్సులూ ఆపేశారు. మిగిలింది రెండే కాబట్టి, రెండో షిఫ్టు మనుషులందరినీ ఆ రెండింటి దగ్గరికే పంపారు. గొళ్ళెం వదులైన ఏడో నంబరు, గార్డు ఊగుతున్న ముప్పై నాలుగు. చెప్పిన మాట ఇంత శ్రద్ధగా వినే ఫ్యాక్టరీని నేను ఇంకెక్కడా చూడలేదు.

"ఆ రెండూ ఆపండి" అని ఈయన కన్నడంలో అరుస్తున్నాడు. "షీటులో పచ్చగానే ఉంది గదా సార్, ఇందాక నలభై ఆపించింది మీరే, ఇప్పుడు ఇవీ ఆపితే మా బాసుకు నేనేం చెప్పాలి, రాసి మెయిల్ పంపండి, చూస్తాను" అని అవతలివాడు. ఫోను స్పీకరులో ఉంది. ఆఫీసంతా పని ఆపింది. మేనేజరు తన గదిలో నుంచి బయటికొచ్చి నిలబడ్డాడు.

అప్పుడు ఆయన కుర్చీలో నుంచి లేచాడు. లేచి, ఫోనుకే చెబుతున్నట్టు, కానీ మేడ కింద ఓనరుకు కూడా వినపడేటట్టు అన్నాడు: "నంగె బణ్ణ గొత్తాగల్ల సార్! కెంపు, హసిరు ఎరడూ ఒందే నంగె!"

నాకు రంగులు తెలియవు, ఎరుపూ పచ్చా నాకు రెండూ ఒకటే అని. మేడమీద ఉన్న పదకొండుమందిలో పదిమందికి అర్థమైంది. అర్థం కానివాడు ఒక్కడే, ఆయనకు జీతమిచ్చేవాడు.

"ఏంటంటున్నాడు?" అని మేనేజరు నన్నడిగాడు.

నా జీవితంలో ఎప్పుడూ ఎవరూ నన్ను అనువాదం అడగలేదు. అందరూ నా వైపు చూస్తున్నారు. నా నోటికి అబద్ధం ఎంత వేగంగా వస్తుందో నాకే ఆశ్చర్యం వేసింది.

"ఏం లేదు సార్, నంబరేదో తప్పు పడిందంట. కంప్యూటర్ ప్రాబ్లం."

పెద్దాయన ఫోను చేత్తో మూసి నా వైపు తిరిగాడు. కోపం లేదు. నేను ఒక అక్షరం తప్పు లెక్కపెట్టినట్టు చూశాడు.

"సరిగ్గా చెప్పప్పా. దప్పంగా చెప్పు."

చెప్పాను. గుంటూరు తెలుగులో, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. అందులో జోకు లేదు. అలాంటి వాక్యం నా నోట్లోనుంచి రావడం అదే మొదలు కాబట్టి మేనేజరు ముందు నమ్మలేదు. ఈలోగా స్పీకరులో సూపర్‌వైజరు గొంతు మారింది. ఆయన ఎవరినో పేరు పెట్టి పిలుస్తూ పరుగెత్తిన చప్పుడు వినపడింది. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. ఈయన రిసీవరు పట్టుకుని నిలబడే ఉన్నాడు. బొటనవేలు కణుపుల మీద తిరుగుతోంది. లెక్కపెట్టడానికి ఎవరూ ఏమీ మాట్లాడడం లేదు.

"ఆపేశాం సార్," అన్నాడు సూపర్‌వైజరు వగరుస్తూ. "ఏడు మీద మనిషి నిలబడ్డాడు గానీ స్విచ్చి వెయ్యలేదు."

మేనేజరు బల్ల మీది షీటు ఎత్తి చూశాడు. తర్వాత, "మూడేళ్ళనుంచి నేను కలర్ రిపోర్టులు ఎవరితో చేయిస్తున్నానండీ?" అని గోడనడిగాడు. గోడకు తెలియదు. "రేపు పొద్దున మాట్లాడదాం" అని గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు మా అందరికీ అర్థమైంది.

నేను పెద్దాయన్ను కింద టీ అంగడికి తీసుకుపోయాను. ఆయన గ్లాసు పట్టుకుని అన్నాడు:

"మా నాయన పట్టుకు రంగులేసే మనిషప్పా. నాకు పదహారేండ్లప్పుడు ఒగ పెండ్లిచీర అంచుకని పెట్టిన నూలుని తీసకపోయి ఇంకో బానలో ముంచేస్తిని. మా నాయన తిట్టలే. రేపట్నించి నువ్వు నూలు తూకం చూసుకో, రంగు బాన దగ్గరికి రావొద్దు అనె. అంతే. మళ్ళా ఎప్పుడూ ఆ మాటెత్తలే."

"మరి కంప్యూటర్లకి ఎట్ల వస్తివన్నా?"

"అప్పుడు తెర నల్లగా ఉండె. అక్షరాలు పచ్చగా ఉండేవంట. నాకేమి తెలుసు? వెలుతురుండె, చదివితిని. ఎవరికైనా ఒగటే రంగు గదప్పా! ఆ పదేండ్లు నేనూ అందరి మాదిరే ఉంటిని." టీ ఊదుకున్నాడు. "తర్వాత కలర్ మానిటర్ వచ్చె. అందరూ స్వీట్లు పంచిరి. నేనూ తింటి."

నేను ఏదో అనబోయాను. ఏదో ఏమిటి, పెన్ను సంగతే. "అన్నా, ఆ టేపు మార్చింది..."

"తెలుసులేప్పా. మన ఆఫీసులో తీరిక ఉండేది ఎవరికి?" అన్నాడు.

మరునాడు పొద్దున మేనేజరు గదిలోకి ఆయన్ను పిలవకముందే అత్తిబెలె నుంచి ఫోనొచ్చింది. సూపర్‌వైజరు ఇంగ్లీషులో మాట్లాడాడు కాబట్టి ఈసారి మేనేజరుకు నేను అక్కరలేకపోయాను. తలుపు సందులోనుంచి నాకు అందినంతవరకూ చెబుతాను. షీటు పంపేవాళ్ళను చాలామందిని చూశాడట, షీటు తప్పని తానే ఫోన్ చేసి, ఎందుకు తప్పో కూడా చెప్పినవాణ్ణి మాత్రం చూడలేదట. ఆ మనిషే పంపితే తీసుకుంటాడట. మా మేనేజరు సూత్రాలున్న మనిషి. క్లయింటు ఏమంటే అదే ఆయన సూత్రం.

ఆ వారమే పెద్దాయన షీటు మార్చేశాడు. నడపకూడని మెషీను గడి చుట్టూ లావు గీత, లోపల 'ఆపు' అన్న మాట కన్నడం, తమిళం, తెలుగు, హిందీ నాలుగింటిలోనూ, దప్పంగా, మామూలు అక్షరానికి రెండింతలు. రంగు ఉంటే ఉంది, లేకపోతే లేదు. నల్లటి జెరాక్సులో కూడా తెలిసేది. ఫ్యాక్టరీలో కళ్ళజోడు మరిచిపోయి వచ్చినవాళ్ళు కూడా చదువుకున్నారు. ఇది ఇంతకుముందే ఎవరికీ ఎందుకు తట్టలేదని మేనేజరు అడిగాడు. అందరికీ రంగులు కనపడతాయి కదా, అందుకని.

ఉన్న రంగులు చూడడానికి మాత్రం నన్ను పెట్టారు. రోజూ ఒంటిగంటకు ఆయన కుర్చీ వెనక్కి జరిపి, "రాప్పా, కలర్ ఇంజనీరూ" అని పిలిచేవాడు. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినవాడికి ఇంజనీరు పట్టా ఇచ్చిన యూనివర్సిటీ అదొక్కటే. నేను వెళ్ళి, "మూడు బాగుండాది, పది బాగుండాది" అని సర్టిఫికెట్ ఇచ్చేవాణ్ణి. రెండేళ్ళు అలా జరిగింది. తర్వాత కంపెనీ మూతపడింది, ఆయన పేటలో ఇంటి పట్టున ఉన్నాడు, నేను యలహంకలో అంగడి పెట్టుకున్నాను. కలుద్దాం కలుద్దాం అనుకున్నాం. బస్సులు రెండు మారాలి కదా, అని నేను. ఆయన ఏమనుకున్నాడో తెలియదు.

ఆయన పోయిన పదకొండోరోజున వాళ్ళింటికి వెళ్ళాను. చిన్న ఇల్లు, ముందు గదిలో విప్పేసిన మగ్గం గుంట మీద పలకలు పరిచి చాప వేశారు. దాని మీద పదిమంది చుట్టాలు ఎవరి బాధలో వాళ్ళున్నారు. అలాంటి చోట ఊరుకుందామనే వెళ్ళాను. ఐదు నిమిషాలు ఊరుకున్నాను. తర్వాత ఎవరో, ఆయన ఆఫీసులో ఎట్లుండేవాడప్పా అని అడిగారు. ఇంక నేను లేచి పచ్చ మీద జగడం, అక్షరాల లెక్క, ఫోను, గోడనడిగిన మేనేజరు, అందరి గొంతులూ పెట్టి ఆడించాను. ఏడ్చి ఏడ్చి ముఖాలు వాచినవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ళావిడ కూడా నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

అందరూ నవ్వుతుంటే నాకు ఇంకొంచెం హుషారొచ్చింది.

"అంతా సరే గానీ వదినా, మా అన్న భలే గుట్టు మనిషి. మూడేండ్లు నా పక్కనే కూచొని, ఇంత సంగతి నాకు కూడా తెలీకుండా ఎట్ల దాచినాడో!" అన్నాను.

ఆవిడ కొంగు దించి నా వైపు చూసింది.

"ఆయన యాడ దాచిండాడప్పా? నువ్వు నోరు మూసుకొనే దినం ఒగటి వస్తే నీకు చెప్పుకొందామని మూడేండ్లు కాచుకొనుండె."